పంటు మీద మళ్లీ రాసుకున్న నవల

రెండేళ్ల కిందట నా నవల పోటీ నుంచి తిరిగి వచ్చింది. వెంట రెండు వాక్యాల ఉత్తరం: ‘ప్రేమ బాగుంది. ఆ అమ్మాయి ఎవరో మాత్రం తెలియలేదు.’

చాలా బాధపడ్డాను. కోపం తగ్గాక రాతప్రతి ముందేసుకుని కూర్చుంటే ఆ మాటలో అబద్ధం ఏమీ కనిపించలేదు. 214 పేజీల్లో నా రత్నం సఖినేటిపల్లి రేవులో నిలబడి ఎదురుచూసింది, ఏడ్చింది, మనుషుల్నీ బళ్లనీ గోదావరి దాటించే పెద్ద పడవ, ‘పంటు’ మీద టికెట్లు ఇచ్చే శ్రీనును చూసి సిగ్గుపడింది. పొద్దున లేచి ఆమె ఏం పని చేస్తుందో ఒక్కచోటా రాయలేదు. పెద్దవాళ్లను ఒప్పించింది శ్రీను. చివరికి ఆమెను చేయి పట్టుకుని పంటు ఎక్కించింది కూడా శ్రీనే.

సెలవు పెట్టి సఖినేటిపల్లిలో ఉన్న మా పిన్ని ఇంటికి వెళ్లాను. నరసాపురం రేవులో పంటు ఎక్కితే వశిష్ఠ గోదావరికి అవతలి ఒడ్డు అదే. మోటారు సైకిళ్లు, కార్లు, పాల క్యాన్లు, అంతర్వేది వెళ్లే యాత్రికులు, అందరూ ఒకే పంటు మీద. అక్కడ ఇద్దరు మనుషులు ప్రేమగా మాట్లాడుకోవాలంటే చిల్లర గురించి మాట్లాడుకోవాలి. చుట్టూ తెలిసినవాళ్లే. నా మొదటి రాతప్రతిలో శ్రీను ఆ పంటు మీదే పేజీన్నర ప్రేమలేఖ చదివి వినిపించాడు. దాన్ని ఆ రోజే కొట్టేశాను.

పిన్ని నలభై ఏళ్లుగా లేసు అల్లుతోంది. ఈ పని ఇక్కడికి 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా వచ్చింది. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. అల్లేటప్పుడు ఆమె చేతి వంకే చూస్తూ కూర్చునేదాన్ని. ఎడమ చూపుడు వేలి మీద దారం ఒరిసి ఒరిసి సన్నని గీత పడిపోయింది. మాటల మధ్యలో ఉన్నట్టుండి ఆగిపోయి, పెదవులు కదుపుతూ ముడులు లెక్కపెట్టుకుని, ఆపిన మాట దగ్గరి నుంచి మళ్లీ ఎత్తుకునేది.

‘‘పిన్నీ, ఈ టేబుల్ గుడ్డ బయట ఎంతకు అమ్ముతారు?’’ అని అడిగాను.

‘‘మనకిచ్చేది తెలుసమ్మా. వాళ్లు అమ్మేది మనకెవరు చెబుతారు?’’

నా రత్నం నాకు అక్కడ దొరికింది. ఆ ధర ఎంతో తెలుసుకోవాలని ఆమెకు పట్టుదల ఉండాలి.

రెండోసారి రాసినప్పుడు మరో తప్పు చేశాను. రత్నం అన్నీ గెలిచింది. బేరాలు నేర్చింది, పదిమందికి పని ఇచ్చింది. ఆమె వెనక సంచులు మోసేవాడిగా శ్రీను మిగిలిపోయాడు. వాళ్ల మధ్య ఉన్న ఇష్టం నవలలోంచి ఎప్పుడు జారిపోయిందో నాకే తెలియలేదు. ఎదగడమంటే ఎవరి అవసరమూ లేకుండా పోవడమని అప్పుడు నేను నిజంగానే నమ్మాను.

మూడోసారి రాసినప్పుడు ఒక్క అధ్యాయం దగ్గర ఐదు నెలలు ఆగిపోయాను. రత్నం నరసాపురంలో వ్యాపారి దగ్గరికి ధర అడగడానికి వెళ్లాలి. ‘‘నేను వెళ్లి అడుగుతాను, నువ్వు రేవులో ఉండు’’ అంటాడు శ్రీను. ‘‘నువ్వూ రా. అక్కడ మాత్రం మాట్లాడకు’’ అంటుంది రత్నం. దుకాణంలో వ్యాపారి ఆమె వైపు చూడడు. ‘‘ఏమోయ్ శ్రీనూ, ఎంత కావాలంటుంది ఈ పిల్ల?’’ అని అతన్నే అడుగుతాడు.

ఇక్కడ శ్రీను ఏం చేయాలి? మూడు రకాలుగా అతని చేత మాట్లాడించి చూశాను. మాట్లాడిన ప్రతిసారీ రత్నం వెనక్కి వెళ్లిపోయింది. చివరికి అతను జవాబు చెప్పలేదు. చేతిలోని టికెట్ల కట్టను మడతపెడుతూ, విప్పుతూ నేలకేసి చూస్తూ నిలబడ్డాడు. చిన్నప్పటి నుంచి ఇంటిల్లిపాది తరఫునా మాట్లాడటం అలవాటైనవాడికి ఆ అర నిమిషం ఎంత కష్టమో రాస్తుంటే నాకు కన్నీళ్లు వచ్చాయి. అంతవరకు అతన్ని నేను ప్రేమించలేదని కూడా అప్పుడే తెలిసింది. ఆ అర నిమిషంలో రత్నం గొంతు సవరించుకుని తన ధర తాను చెప్పింది. వ్యాపారి ఒప్పుకోలేదు. తిరుగు ప్రయాణంలో పంటు మీద ఇద్దరూ ఒక్క మాట మాట్లాడుకోలేదు. ఆమె టికెట్ డబ్బులు ఇవ్వబోతే అతను మామూలుగానే తీసుకుని చిల్లర ఇచ్చాడు.

నవల మొత్తంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ప్రేమ సన్నివేశం అదే.

పోయిన సంక్రాంతికి పిన్నికి ఆ అధ్యాయం చదివి వినిపించాను. సూది ఆపకుండా వింది. అయ్యాక కాసేపు ఏమీ అనలేదు. తరువాత తలెత్తి, ‘‘ఆ వ్యాపారి దగ్గర పని మానేస్తే, మరి ఆ పిల్లకు దారం ఎవరిస్తారు?’’ అని అడిగింది.

దాని గురించి నేను ఆలోచించనే లేదు. మర్నాడు పొద్దున్నే మొదటి పంటుకు నరసాపురం వెళ్లి, దారం కొట్లు ఎక్కడున్నాయో అడుగుతూ తిరిగాను.