బెర్గెన్‌లో చౌక అనే మాట అరువుదే

నార్వేలో ఓస్లో నుంచి బెర్గెన్‌కు రైలుదారి ఎంత అందమైనదో అందరూ రాశారు, నేను రాయను. నా మనసంతా బ్రిగ్గెన్ రేవు దగ్గర తిన్న చేపల సూపు మీదే ఉంది. చిన్న గిన్నెడు సూపు, రెండు రొట్టెముక్కలు. బిల్లు చూసి కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాను, అంకె మారలేదు. బయట వాన. బెర్గెన్‌లో వాన లేనిదెప్పుడు!

నా అవస్థ చూసి పక్క బల్ల దగ్గరి పెద్దావిడ నవ్వారు. బడిలో నార్వే భాష బోధించి రిటైరయ్యారట. "ఖరీదైనదాన్ని మేము 'డ్యూర్' అంటాం, అది మా పూర్వీకుల భాష పాత నార్స్ మాట. చౌకను 'బిల్లిగ్' అంటాం, అది జర్మన్ వర్తకులు తెచ్చింది. మాట దిగింది గానీ సరుకు దిగలేదు" అన్నారు.

ఇక వరస కట్టాయి. డబ్బు చెల్లించడం 'బెటాలె', బిల్లు 'రెయినింగ్', ఆఖరికి భాషను చెప్పే 'స్ప్రోక్' కూడా ఉత్తర జర్మనీలో ల్యూబెక్ రేవు వైపు మాట్లాడే లో జర్మన్ అనే భాష నుంచే వచ్చాయట. 1360 ప్రాంతంలో హన్సా వర్తకులు, అంటే ఉత్తర జర్మన్ వ్యాపార పట్టణాల కూటమి వాళ్లు, ఇక్కడ కొఠీ పెట్టి, ధాన్యం అమ్మి, ఉత్తరాది నుంచి వచ్చే ఎండు కాడ్ చేపలు కొనుక్కుపోయేవారు. 1754 దాకా ఆ కొఠీ నడిచింది. స్థానిక స్త్రీలను పెళ్లాడకూడదని వాళ్లకు కట్టడి. అయినా భాష అంతగా కలిసిపోయింది! రెండు భాషలూ దగ్గరి చుట్టాలు కావడంతో ఎవరి మాట వారు మాట్లాడినా బేరం కుదిరేదని ఆవిడ వివరణ.

నేను 'ఖరీదు' అంటున్నదీ పారసీ నుంచి వచ్చిందే. కానీ మనకు అలాంటివి దర్బారుతో, శిస్తు లెక్కలతో వచ్చాయి. నార్వేను ఏలకుండానే ఈ వర్తకులు ఇంత పని చేశారంటే నాకు ఆశ్చర్యంగానే ఉంది.

వ్యాకరణాన్నీ వదల్లేదు. నార్వే మాండలికాల్లో ఎక్కువ వాటికి మూడు లింగాలుంటే బెర్గెన్‌కు రెండే. స్త్రీలింగం పుంలింగంతో కలిసిపోవడానికి ఈ సాంగత్యమే కారణమని చాలామంది పండితుల మాట. "మా పల్లెలో మూడూ పదిలంగా ఉన్నాయి" అని ఆవిడ కాస్త గర్వంగానే చెప్పారు.

తరువాత షోట్‌స్టూవెనె చూశాను. కొయ్య ఇళ్లలో నిప్పు పెట్టనిచ్చేవారు కాదు కనుక చలికాలంలో వర్తకులు చేరిన వెచ్చని గదులవి. కుర్రవాళ్లకు భోజనం, చదువు, బీరు అన్నీ అక్కడే. ఆ టిక్కెట్టు డబ్బు మాత్రం నాకు నొప్పి అనిపించలేదు.