శిక్ష పడకుండానే ఏడాది జైలు: తమ్ముడిని బయటికి తెచ్చుకున్న నా అనుభవం

మా తమ్ముడి మీద పెట్టింది ఐపీసీ 379, అంటే దొంగతనం. నేరం రుజువైతే గరిష్ఠ శిక్ష మూడేళ్లు. ఒక్క సాక్షిని కూడా విచారించకముందే వాడు ఏడాది లోపలున్నాడు. బెయిల్ రాలేదా అంటే, త్వరగానే వచ్చింది. కానీ ఇద్దరు ష్యూరిటీలు, అంటే జామీను నిలబడేవాళ్లు కావాలి, ఒక్కొక్కరు ఇరవై వేలకు. ఆ ఇద్దరు మనుషులే మాకు దొరకలేదు.

మాది నారాయణపేట జిల్లా. నేను హైదరాబాద్ బోరబండలో అద్దె గదిలో ఉంటూ మెడికల్ షాపులో బిల్లింగ్ చేస్తాను. తమ్ముడు బైకు మెకానిక్. స్నేహితుడు రిపేరుకని తెచ్చి షెడ్డులో పెట్టిన బండి దొంగ బండి అని తేలింది. 2024 జనవరిలో ఇద్దరినీ తీసుకెళ్లారు.

ష్యూరిటీగా నిలబడే మనిషికి సొంత ఆస్తి కాగితం, ఇంటి పన్ను రసీదు ఉండాలి. నగరంలో అద్దెకుండేవాళ్లకు తెలిసినవాళ్లు కూడా అద్దెకుండేవాళ్లే. నాన్న ఊరి నుంచి పొలం పాసుపుస్తకం పట్టుకొచ్చాడు. వేరే జిల్లా ఆస్తి నడవదన్నారు. 1978లో మోతీరాం అనే తాపీమేస్త్రీకీ ఇదే జరిగిందని తర్వాత తెలిసింది. మెజిస్ట్రేటు పదివేల ష్యూరిటీ అడిగి, అతని అన్నదమ్ముడి ఆస్తి వేరే జిల్లాలో ఉందని ఒప్పుకోలేదు. అలా కాదనడం సరికాదని జస్టిస్ కృష్ణయ్యర్ తీర్పు రాశారు. ఆ తీర్పు వచ్చి నలభై ఏళ్లు దాటాక కూడా మా నాన్న పాసుపుస్తకం సంచిలో పెట్టుకుని ఊరి బస్సెక్కాడు.

కోర్టు బయట ఒకతను "ఇద్దరినీ నేనే తెస్తా, ఇంత ఇయ్యండి" అన్నాడు. ఆ కాగితాలు నకిలీవని తేలితే తమ్ముడి మీద ఇంకో కేసు పడుతుంది. వద్దన్నాం.

అన్నిటికంటే నన్ను కుంగదీసింది ఇంకో సలహా. "నేరం ఒప్పుకోమనండి. ఇన్నాళ్లు లోపలున్నాడు కదా, దాన్నే శిక్ష కింద కట్టేస్తారు, ఇంటికొస్తాడు." ఇందులో అబద్ధం లేదు. విచారణలో గడిపిన రోజుల్ని శిక్షలోంచి తీసేయాలని చట్టమే చెబుతుంది. అది న్యాయమైన నిబంధనే. కానీ బెయిల్ దొరకని పేదవాడి ముందు అదే ఎరలా నిలబడుతుంది. చేయలేదని నిరూపించుకోవాలంటే లోపలే ఉండాలి, చేశానంటే బయటికి రావొచ్చు. ములాఖత్‌లో వాడితో ఈ మాట ఎత్తడానికి నాకు నోరు రాలేదు. చివరికి చెప్పాను. "చెయ్యలేదక్కా. చేసిన అని ఎట్ల చెప్పాలె?" అన్నాడు. వాడికి ఇరవై రెండేళ్లు. ఒప్పుకుంటే ఆ ముద్ర బతుకంతా ఉంటుంది, ఏ ఉద్యోగానికి పోలీస్ వెరిఫికేషన్ జరిగినా బయటపడుతుంది. మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

మేం పెట్టుకున్న లాయరు ఫీజు తీసుకున్నాక ఫోను ఎత్తడం మానేశాడు. మా షాపుకొచ్చే ఒకావిడ చెబితే నాంపల్లి కోర్టుల దగ్గర లీగల్ ఎయిడ్ లాయర్ మేడంని కలిశాను. కస్టడీలో ఉన్న ఎవరికైనా, ఆదాయంతో సంబంధం లేకుండా, ఉచితంగా లాయరును ఇవ్వాలని 1987 నాటి లీగల్ సర్వీసెస్ చట్టంలోనే ఉంది. ఇది జైలు గేటు ముందు పెద్ద అక్షరాలతో రాసి పెట్టాలి.

మేడం మొదట అడిగింది, "ఇంతకుముందు ఏ కేసులోనైనా శిక్ష పడిందా? ఇంకేమైనా కేసులున్నాయా?" లేవన్నాను. "అయితే 479 ఉందమ్మా" అన్నారు. పాత సీఆర్‌పీసీ స్థానంలో 2024 జూలై 1 నుంచి వచ్చిన బీఎన్ఎస్ఎస్‌ అనే చట్టంలోని సెక్షను అది. ఇంతకుముందు ఏ కేసులోనూ శిక్ష పడనివాడు గరిష్ఠ శిక్షలో మూడో వంతు జైల్లో గడిపితే, ష్యూరిటీలు లేకుండా సొంత బాండు మీదే వదలాలి. పాత చట్టంలో సగం గడపాల్సి వచ్చేది. యావజ్జీవం, మరణశిక్ష పడే నేరాలకు ఇది వర్తించదు. మాది పాత కేసు కదా అని టెన్షన్ పడ్డాను. పాత కేసులకూ వర్తిస్తుందని 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పిందట. మూడేళ్లలో మూడో వంతు, అంటే ఏడాది.

గడువు నిండగానే జైలు సూపరింటెండెంటే కోర్టుకు దరఖాస్తు పెట్టాలని ఆ సెక్షన్లోనే ఉంది. దానికోసం ఎదురుచూడకుండా మేడం ఎన్నాళ్లు లోపలున్నాడో జైలువాళ్లు రాసిచ్చే కస్టడీ సర్టిఫికెట్ తెప్పించి, తనే పిటిషన్ వేశారు. జడ్జిగారు అరెస్టు తేదీ, సర్టిఫికెట్ చూశారు, వేరే కేసుల్లేవని పోలీసుల చేత చెప్పించుకున్నారు. బాండు రాసిచ్చాక రిలీజ్ ఆర్డర్ జైలుకు వెళ్లింది. వాడు బయటికొచ్చేసరికి చీకటి పడింది. ముందు అన్నం తినిపించాం.

2022 చివరికి దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉంటే వాళ్లలో 4,34,302 మంది విచారణ ఖైదీలే. వంద మందికి కట్టిన చోట 131 మంది. శిక్షలు పెంచాలా తగ్గించాలా అని టీవీల్లో వాదించుకుంటారు. జైళ్లను నింపుతున్నది ఎక్కువగా ఇంకా ఏ శిక్షా పడనివాళ్లు. మా తమ్ముడికి గడువు లెక్కపెట్టే మనిషి ఒకరు దొరికారు కాబట్టి వచ్చాడు.

వాడి స్నేహితుడు ఇంకా లోపలే ఉన్నాడు. అతని మీద ఇంకో కేసు కూడా నడుస్తోంది. ఒకటికి మించి కేసులుంటే 479 కింద వదలరు. ఈ నిబంధన నాకు అన్యాయంగానే కనిపిస్తోంది, ఆ రెండో కేసులోనూ ఏదీ రుజువు కాలేదు. బెయిల్ వచ్చాక నెలలోపు ష్యూరిటీలు ఇవ్వలేకపోతే షరతులు సడలించే విషయం కోర్టే పరిశీలించవచ్చని 2023 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. పేద ఖైదీల జామీనుకు డబ్బు సాయం చేసే కేంద్ర పథకం కూడా ఉంది. వాళ్లమ్మను మేడం దగ్గరికి తీసుకెళ్లాను. రెండు కేసుల కాగితాలూ ఇచ్చి వచ్చాం.