సోమవారం ఎర్రకోటకు సెలవు

ఢిల్లీ వెళ్దామని అమ్మను ఒప్పించడానికి నాకు రెండేళ్లు పట్టింది. ఒప్పుకున్నాక ఆవిడ పెట్టిన షరతు ఒక్కటే. "ఎర్రకోట చూపించాలి. అది చూడకుండా వస్తే ఢిల్లీ వెళ్ళానని ఎవరితో చెప్పుకోనే?" ఏటా ఆగస్టు 15న స్నానం చేసి మరీ టీవీ ముందు కూర్చునే మనిషి. తాజ్‌మహల్ అయినా ఆవిడకు ఎర్రకోట తర్వాతే.

రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు. తెరిచిన రోజు పొద్దున్నే తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌లో రెండు బెర్తులు పట్టేశాను. గురువారం ఎక్కడం, శుక్రవారం దిగడం, మంగళవారం తిరుగు ప్రయాణం. అంతవరకూ నా అంత తెలివైనది లేదనుకున్నాను.

పాత క్యాలెండర్ కాగితం వెనక నాలుగు గళ్ళు గీశాను. శుక్రవారం విశ్రాంతి. శనివారం కుతుబ్ మీనార్, హుమాయూన్ సమాధి. ఆదివారం ఆగ్రా. సోమవారం ఎర్రకోట, అక్షరధామ్, లోటస్ టెంపుల్. చివరి రోజు ఘనంగా ఉండాలని నా లెక్క. ఆ కాగితం నెల రోజులు ఫ్రిజ్ మీదే ఉంది. ఇంటికొచ్చిన చుట్టాలందరికీ అమ్మ దాన్ని చూపించింది.

బయల్దేరే ముందు ఎర్రకోట టికెట్లు ఆన్‌లైన్‌లో తీసుకుందామని కూర్చుంటే, ఆ సోమవారం తేదీ మీద ఎంత నొక్కినా తీసుకోవడం లేదు. నెట్ స్లో అనుకుని ఫోన్ ఆఫ్ చేసి ఆన్ చేశాను. అప్పుడు వెలిగింది: సోమవారం ఎర్రకోటకు సెలవు. అక్షరధామ్‌కూ సెలవే. లోటస్ టెంపుల్‌కూ అంతే. పోనీ నేషనల్ మ్యూజియం చూద్దామంటే అదీ మూతే. మూసేసే చోట్లన్నీ ఏరి ఏరి ఒకే గడిలో పెట్టాను!

రైలు టికెట్లు మార్చే పరిస్థితి లేదు. ఇక రబ్బరు తీసుకున్నాను. కుతుబ్ మీనార్, హుమాయూన్ సమాధి వారమంతా తెరిచే ఉంటాయి కాబట్టి అవి సోమవారానికి వెళ్ళాయి. ఆగ్రాను శుక్రవారానికి జరుపుదామా అంటే ఆ రోజు తాజ్‌మహల్ మూసేస్తారు. శనివారమే దిక్కు. గతిమాన్ ఎక్స్‌ప్రెస్‌లో సీట్లు దొరికాయి. టికెట్ చూసుకుంటే అది బయల్దేరేది న్యూఢిల్లీ స్టేషన్ నుంచి కాదు, హజ్రత్ నిజాముద్దీన్ నుంచి. ఢిల్లీ అంటే ఒకటే స్టేషన్ అనుకునేవాళ్ళు అక్కడే దెబ్బతింటారు. ఎర్రకోట ఆదివారానికి కుదిరింది. అక్షరధామ్, లోటస్ టెంపుల్ కొట్టేశాను. అమ్మ మోకాళ్ళకు అదే మంచిదైంది.

అప్పటినుంచి చూడాల్సిన వాటి జాబితా పక్కన పెట్టి మెట్రో మ్యాప్ ముందేసుకున్నాను. మా హోటల్ కరోల్ బాగ్‌లో, అంటే బ్లూ లైన్ మీద. కుతుబ్ మీనార్‌కి వెళ్ళాలంటే రాజీవ్ చౌక్‌లో దిగి ఎల్లో లైన్ ఎక్కాలి. సోమవారం ఆఫీసు టైములో ఆ జనంలో అమ్మను నడిపించే ధైర్యం నాకు లేదు. అందుకని ఆ రోజు పదకొండు దాటాకే బయటికి అని రాసుకున్నాను. కుతుబ్ మీనార్ అని పేరున్న స్టేషన్‌లో దిగినా మీనార్ పక్కనే ఉండదు, అక్కడినుంచి ఆటో తప్పదు. ఎర్రకోటకు మాత్రం మండీ హౌస్‌లో వయొలెట్ లైన్ మారితే చాలు, లాల్ కిలా అని స్టేషనే ఉంది.

ఇంత రాసుకున్నా దిగగానే తప్పు చేశాను. న్యూఢిల్లీ స్టేషన్‌కు రెండు వైపులా దారులున్నాయి. మెట్రో ఉన్నది అజ్మేరీ గేట్ వైపు. నేను జనం వెంట పడి పహాడ్‌గంజ్ వైపు దిగాను. గేటు దాటామో లేదో ఒకాయన వచ్చి మా హోటల్ పేరు అడిగి, "ఆ రోడ్డు ఈరోజు బంద్, నాతో టూరిస్ట్ ఆఫీసుకి రండి" అన్నాడు హిందీలో. ఇలాంటివాళ్ళు ఉంటారని ముందే చదివాను కాబట్టి సరిపోయింది. ఆయన ఎదురుగానే హోటల్‌కి ఫోన్ చేశాను. రోడ్డూ ఉంది, మా గదీ ఉంది. తిరిగి చూస్తే మనిషి లేడు. పెట్టెలు మోసుకుంటూ మళ్ళీ వంతెన ఎక్కాం. అమ్మ మెట్టు మెట్టుకీ నా వైపు చూసింది తప్ప ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

ఆగ్రా బాగానే గడిచింది.

ఆదివారం ఎర్రకోటలో జనం బాగా ఉన్నారు. టికెట్లు ముందే ఫోన్‌లో ఉన్నాయి కాబట్టి సెక్యూరిటీ లైన్ ఒక్కటే మిగిలింది. లాహోరీ గేట్ ముందు అమ్మ ఆగిపోయింది. జెండా ఎగరేసే బురుజు అదే. తల పైకెత్తి చాలాసేపు చూసి, "టీవీలో ఇంకా ఎత్తుగా ఉంటుందే" అంది. లోపల షాజహాన్ కొలువుదీరిన దీవాన్-ఎ-ఆమ్ ఉంది, అటు వెళ్దాం రమ్మంటే, "నువ్వు చూసి రా, నేనిక్కడే కూర్చుంటా" అని గట్టు మీద కూలబడింది.

ఓ అరగంట తిరిగి వచ్చేసరికి ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని, పక్కవాళ్ళు తిరిగి చూసేంత గట్టిగా మా పిన్నితో మాట్లాడుతోంది. "ఎక్కడినుంచి అంటావేమిటే, ఎర్రకోట నుంచి!"