మొత్తం 102 సరిగ్గనే వస్తది, వరుసలే తారుమారు

పైథాన్ నుంచి పాత ఫోర్ట్రాన్ కోడ్‌ను పిలిచేటోళ్లు ముందుగాల 2×3 పట్టికతోని చూసుకోండి. పై వరుస వరంగల్: 11, 12, 13. కింద ములుగు: 21, 22, 23. జూన్, జులై, ఆగస్టు వానలనుకోండి. నంపై (పైథాన్‌ల అంకెల పట్టికల లైబ్రరీ) మామూలుగ అడ్డంగ పేరుస్తది, ఫోర్ట్రాన్ నిలువుగ చదువుతది. వేరే భాషల కోడ్‌ను పిలిచే పైథాన్ పనిముట్టు సీటైప్స్‌తోని పాయింటర్, అంటే పట్టిక మెమరీ అడ్రస్, నేరుగ ఇస్తే ఫోర్ట్రాన్‌ల వరంగల్ 11, 13, 22 అయి కూసుంటది. అన్నీ కూడితే మాత్రం 102 సరిగ్గనే వస్తది, ఎర్రర్ కూడ పడదు. ఎవలికీ అనుమానం రాదు, అదే అసలు గుబులు.

పట్టికను నిలువుగ పేర్చి కాపీ ఇచ్చే నంపై ఫంక్షన్ యాజ్‌ఫోర్ట్రాన్‌అర్రే వాడుండ్రి. లేదంటే ఫోర్ట్రాన్ దిక్కు 3×2 అని రాసి ఇండెక్సులు తిప్పుకోండి. పెద్ద డేటాకు రెండోదే నయం, కాపీ ఖర్చు తప్పుతది.

నంపై దశాంశం 8 బైట్లు, ఫోర్ట్రాన్ ఉత్త 'రియల్' 4 బైట్లే. ఫోర్ట్రాన్‌ల సీ_డబుల్ (8 బైట్ల దశాంశం) అని రాయకపోతే చెత్త అంకెలొస్తయి. పేరును సీ భాష తీరుగ ఉంచే బైండ్(సీ) మరిస్తే జీఫోర్ట్రాన్ కంపైలర్ ఫంక్షన్ పేరు చివర అండర్‌స్కోర్ తగిలిస్తది, ఫంక్షన్ దొరకదు. ఇగ వరుసల సంఖ్యకు 'వాల్యూ' (వచ్చేది అడ్రస్ కాదు, విలువే అని చెప్పే మాట) పెట్టకుంటే ఆ 2నే అడ్రస్ అనుకొని సెగ్‌ఫాల్ట్ (తనది కాని మెమరీని ముట్టిన తప్పు) కొడతది. ఇది నయమే, కనీసం అరిచి పడిపోతది.