స్లాగ్ లైన్

ఇవాళ రీలైనింగ్‌కి, అంటే లోపలి ఇటుకలు మార్చడానికి, వచ్చిన లాడిల్ (కరిగిన ఉక్కు పట్టే పెద్ద పాత్ర) లోపలికి దిగి చూశాను. అడుగు ఇటుకలు పర్వాలేదు, గోడలూ పర్వాలేదు. స్లాగ్ లైన్ దగ్గర, అంటే ఉక్కు మీద తేలే కరిగిన మలినాల పొర (స్లాగ్) గోడకి తగిలే చోట, మాత్రం చుట్టూ గాడి తీసినట్టు తినేసింది.

ఉక్కు వేడి ఒక్కటే అయితే మెగ్నీషియా-కార్బన్ ఇటుక (మెగ్నీషియం ఆక్సైడ్, గ్రాఫైట్ కలిపి చేసింది) చాలాకాలం నిలబడుతుంది. లోపల ఉండేది 1600 డిగ్రీల చుట్టుపక్కల, మెగ్నీషియా కరిగేది 2800 దగ్గర. అసలు దెబ్బ స్లాగ్‌ది. ఇటుకలోని గ్రాఫైట్ స్లాగ్‌ని అంటనివ్వదు, అదే దాని కవచం. గాలిలోని ఆక్సిజన్, స్లాగ్‌లోని ఐరన్ ఆక్సైడ్ కలిసి ఆ కార్బన్‌ని కాల్చేస్తే, మిగిలిన సందుల్లోకి స్లాగ్ దూరి మెగ్నీషియా గింజల్ని ఊడదీస్తుంది, కరిగించుకుంటుంది.

మెగ్నీషియా తక్కువున్న స్లాగ్ తనకు కావలసింది ఇటుక నుంచే లాక్కుంటుంది. అందుకే మెగ్నీషియా ఉండే కాల్చిన డోలమైట్‌ని స్లాగ్‌లో ముందే వేయమని నేనెప్పుడూ పట్టుబడతాను. కొందరికది దండగ ఖర్చు. ఇటుక పలచబడ్డాక మిగిలేది లాడిల్ బయటి ఉక్కు షెల్ ఒక్కటే, దాని చుట్టూ పనిచేసేది మనుషులు! ఆ టెన్షన్ ముందు డోలమైట్ ఖర్చెంత?

ఈసారి స్లాగ్ లైన్‌కి అల్యూమినియం పొడి కలిపిన ఇటుకలు పెడుతున్నాం. కార్బన్ కంటే ముందు అల్యూమినియమే ఆక్సిజన్‌ని పట్టేస్తుంది. రేపటి నుంచి ప్రీహీటింగ్, నెమ్మదిగా, తొందరపడకుండా.