వీణకి టికెట్ కొట్టాలా?

విజయనగరం కాంప్లెక్స్‌లో బొబ్బిలి బస్సు ఎక్కేసరికి నా భుజాన ఒక బ్యాగు, చేతిలో ఆధార్ కార్డు, చంకలో పాత దుప్పటి చుట్టిన వీణ. కండక్టర్ కార్డు చూసి నాకు సున్నా టికెట్ కొట్టి ఇచ్చాడు. తర్వాత దుప్పటి వైపు చూసి ఆగిపోయాడు.

"ఏటమ్మా ఇది?"

"వీణండి. రిపేరుకి తీసుకెళ్తున్నాను."

"పిల్లడెవుడో పడుకున్నాడనుకున్నాను" అని, మిషను చేత్తో పట్టుకుని ఆలోచనలో పడ్డాడు. 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్ళకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు కదా, మరి ఉచితంగా వెళ్తున్న మనిషి ఒళ్ళో ఉన్న సామానుకి డబ్బులు తీసుకోవాలా వద్దా అన్నది ఆయన సమస్య. నేను ఇచ్చేస్తానన్నాను. కానీ అప్పటికే బస్సు మొత్తానికి విషయం తెలిసిపోయింది. వెనక సీట్లో ఒక పెద్దాయన, "వీణంటే సరస్వతీదేవి, అమ్మవారు ఆడమనిషే కదేటి, ఫ్రీయే" అని తీర్పు చెప్పాడు. దానికి ఇంకొకాయన, "అయితే ఆధార్ కార్డు సూపించమను" అన్నాడు. బస్సంతా నవ్వు. కండక్టర్ కూడా నవ్వేసి ముందుకి వెళ్ళిపోయాడు. తెనాలిలో బయల్దేరిన దగ్గర్నుంచీ నేను నవ్విన మొదటిసారి అది.

ఎందుకంటే రాత్రి రైల్లో నాకు నిద్ర లేదు. బెర్తు మీద వీణ పడుకుంది, నేను దాని కాళ్ళ దగ్గర కూర్చున్నాను. (వీణకి కాళ్ళేమిటని అడక్కండి, తెల్లవారుజామున మూడింటికి అన్నిటికీ కాళ్ళుంటాయి.) దానికి తోడు ఫోన్లో డ్రాఫ్ట్స్‌లో ఒక రాజీనామా ఉత్తరం. నెలన్నర నుంచీ అక్కడే ఉంది. రోజూ తెరిచి ఒక కామా మార్చి మూసేస్తున్నాను.

సంగతేమిటంటే, నాకు ముప్ఫై ఎనిమిదేళ్ళు. విజయవాడలో ఒక కంపెనీలో అకౌంట్స్ చూస్తాను, పదమూడేళ్ళ నుంచి అదే కుర్చీ. చిన్నప్పుడు ఆరేళ్ళు వీణ నేర్చుకున్నాను. వర్ణాల దాకా వచ్చాక పదో తరగతి అడ్డం వచ్చింది, ఆ తర్వాత ఇంటర్, ఎంసెట్. వీణ అలమారా మీదకి ఎక్కింది. "సెలవుల్లో మళ్ళీ మొదలుపెడుదువుగానిలే" అన్నారు. ఆ సెలవులు ఇరవై మూడేళ్ళు. ఇప్పుడు ఉద్యోగం మానేసి, ఒక రెండేళ్ళు గట్టిగా సాధన చేసి, ముందు గదిలో పిల్లలకి క్లాసులు పెట్టాలని నా ఆశ. ఇంటి లోను ఇంకా తొమ్మిదేళ్ళుంది. మా ఆయన్ని అడిగితే "నీ ఇష్టం" అన్నాడు. ఆ రెండు మాటలకీ ఎన్ని అర్థాలుంటాయో పెళ్ళైన వాళ్ళకి చెప్పక్కర్లేదు.

అందుకని ముందు వీణ బాగుచేయిద్దాం, అది పలికితే అప్పుడు ఉత్తరం పంపిద్దాం అని ఒక మొక్కు లాంటిది పెట్టుకున్నాను. అమ్మ వీణ అది. మా తాతయ్య అమ్మ పెళ్ళికి ముందు కొన్నాడు. "అసలు సిసలు బొబ్బిలి వీణ" అని మా ఇంట్లో చెప్పుకోని పండగ లేదు. బొబ్బిలి వీణ బాగుచేయించాలంటే బొబ్బిలే వెళ్ళాలి కదా.

బస్సులో నా పక్కన ఒకావిడ కూర్చుంది. యాభై దాటి ఉంటాయి, రెండు ముక్కులకీ ముక్కుపుడకలు, కాళ్ళ దగ్గర చోళ్ళ మూట. (మా వైపు రాగులంటాం, ఇక్కడ చోళ్ళు.) వీణ మెడ నా సీట్లో పట్టక ఆవిడ భుజం మీదకి వాలుతోంది. నేను సర్దబోతే "ఉండనీమ్మా, బరువేటి" అని, గజపతినగరం దాకా దాన్ని అలాగే భుజాన మోసింది. బస్సు గతుకుల్లో పడ్డప్పుడల్లా దుప్పటి లోపల మిగిలిన రెండు తీగలూ జుం అనేవి. ఆవిడ ప్రతిసారీ ఉలిక్కిపడి, "పలకతంది" అనేది.

ఎక్కడికీ, ఎందుకూ, పిల్లలెంతమందీ, జీతమెంతా. ఈ నాలుగూ గజపతినగరం లోపే అయిపోయాయి. నేనూ ఎందుకో అన్నీ చెప్పేశాను, ఉత్తరం సంగతి కూడా. తెలిసినవాళ్ళకి చెప్పలేనివి బస్సులో చెప్పేస్తాం. ఆవిడ "మంచిపని, ధైర్యం చెయ్యి" అంటుందని లోపల్లోపల ఎదురుచూశాననుకుంటా. పల్లెటూరి మనిషి, కష్టజీవి, నాలుగు మంచి ముక్కలు చెప్తుంది, నేను వాటిని ఊరెళ్ళి అందరికీ చెప్పుకోవచ్చు.

"నెల నెలా వచ్చీ జీతం వదిలీస్తారేటమ్మా! పిచ్చా?" అంది.

తర్వాత తన సంగతి చెప్పింది. పన్నెండేళ్ళ కిందట మెళ్ళో బంగారం, చెవులవీ అమ్మి, మొగుడూ తనూ విశాఖపట్నం వెళ్ళి చిన్న టిఫిన్ హోటల్ పెట్టారట. ఇడ్లీ, పూరీ, సాయంత్రం బజ్జీ. ఏడాదిన్నర నడిచింది. మొదట్లో బాగానే ఉంది, తర్వాత ఎదురుగా ఇంకో రెండు బళ్ళు వచ్చాయి, అద్దె పెరిగింది, మొగుడికి కామెర్లొచ్చి రెండు నెలలు మంచాన పడ్డాడు. పొయ్యి ఆరిపోయింది. గిన్నెలు కూడా తూకానికి అమ్మేశారట. "ఆ పెద్ద ఇడ్లీ గిన్నె తూస్తన్నప్పుడు మాత్రం ఏడుపొచ్చీసిందమ్మా, బంగారం అమ్మినప్పుడు రానేదు" అంది. అప్పు తీరడానికి ఆరేళ్ళు పట్టింది. మొగుడు హైదరాబాదులో భవనాల పనికి వెళ్ళాడు, తను ఊళ్ళో కూలికి.

నాకేం అనాలో తెలియలేదు. "అయితే మళ్ళీ పెట్టరా?" అన్నాను.

"పెడతాను కాదేటి" అంది వెంటనే, నేనేదో తెలివితక్కువ ప్రశ్న అడిగినట్టు. "మా పిల్లడు ఉజ్జోగంలో కుదురుకోవాల. ఈసారి అమ్మడానికి బంగారం నేదు, పోయీదీ ఏటీ నేదు." నవ్వింది. మళ్ళీ నా వైపు తిరిగి, "నువ్వు మాత్రం వదిలీకు. సెలవు పెట్టుకుని నేర్చుకో" అంది. నాకో నీతి, తనకో నీతి. గజపతినగరంలో మూట నెత్తినెత్తుకుని దిగిపోయింది. పేరు కూడా అడగలేదు. అక్కణ్ణుంచి వీణ మెడ మోసే భుజం లేక రామభద్రపురం మీదుగా బొబ్బిలి దాకా నా చెయ్యి తిమ్మిరెక్కింది.

బొబ్బిలిలో దిగాక ఊరికి ఆనుకునే ఉన్న గొల్లపల్లికి ఆటోవాడు రెండొందలడిగాడు. వీణని చూసి అడిగాడని నా అనుమానం. తెనాలిలో అంత దూరానికి ముప్ఫై ఇస్తే దణ్ణం పెడతారు. నూట యాభైకి ఒప్పుకున్నాడు, దారంతా గొణిగాడు, నేనూ గొణిగాను.

గొల్లపల్లిలో ఆ వీధికి వెళ్తే చిరునామా అడగక్కర్లేదు, పనస చెక్క వాసనే తీసుకెళ్తుంది. చెక్క తొక్కలు పసుప్పచ్చగా, అప్పుడే చీరిన పనసతొనల్లా కుప్పలు పడి ఉన్నాయి. అరుగు మీద ఒకాయన నిలువునా కోసిన దుంగ ముందు కూర్చుని ఉలితో కుండ తవ్వుతున్నాడు. వీణకి కింద గుండ్రంగా ఉండే భాగాన్ని కుండ అంటారు. బొబ్బిలి వీణ గొప్పతనం ఏకాండి అవడంలోనే ఉంది. కుండ, దండి (పొడుగాటి మెడ), తల అన్నీ ఒకే మానులోంచి రావాలి, అతుకు ఉండకూడదు. ఆయన నాలుగు దెబ్బలు కొట్టి, ఆగి, వేలి కణుపుతో తట్టి, చెవి దగ్గర పెట్టి విని, మళ్ళీ నాలుగు దెబ్బలు కొడుతున్నాడు. నేను వచ్చినట్టు తెలిసినా తలెత్తడానికి ఐదు నిమిషాలు పట్టింది.

దుప్పటి విప్పాను. ఆయన వీణని ఒళ్ళో పెట్టుకుని, బోర్లించి, మెడ కుండని కలిసే చోట బొటనవేలితో రాశాడు. ఇంకోసారి రాశాడు.

"ఇది మాది కాదమ్మా" అన్నాడు.

"అంటే?"

"అతుకు వీణ. మూడు ముక్కలు. బొబ్బిల్లో చేసింది కాదు."

నేను మా తాతయ్య గురించి చెప్పాను, నలభై ఏళ్ళకి పైగా ఇంట్లో అందరూ చెప్పుకుంటున్న మాట చెప్పాను. ఆయన ఓపిగ్గా విన్నాడు. నా బొటనవేలు పట్టుకుని పాలిషు కింద సన్నటి గీత మీద పెట్టాడు. గోరుకి తగిలింది. ఎన్ని వేలసార్లు ఈ వీణ తుడిచి ఉంటాను, ఎప్పుడూ తగలలేదు! ముందు సిగ్గేసింది, తర్వాత నవ్వొచ్చింది. పాపం తాతయ్యకి ఎవరో బొబ్బిలి పేరు చెప్పి అమ్మేశారు. లేదూ ఆయనకీ తెలిసే, అమ్మాయి సంతోషం కోసం అలా చెప్పాడా? అమ్మకి మాత్రం ఈ ముక్క చెప్పదల్చుకోలేదు, ఇది చదవదని ధైర్యం.

"బాగుచెయ్యరా అయితే?" అన్నాను.

"ఎందుకు చెయ్యం? వీణ వీణే కదా" అన్నాడు. దండి కొంచెం వంగింది, మైనం ఎండి బీటలు వారింది, ఇరవై నాలుగు మెట్లలో తొమ్మిది కదులుతున్నాయి. పాత మైనం మొత్తం గీకేసి, కొత్త మైనంలో బొగ్గుపొడి కలిపి మేళం కట్టాలి, అంటే మెట్లన్నీ స్వరాలకి సరిపోయేలా మళ్ళీ అమర్చాలి, ఏడు తీగలూ మార్చాలి. నెల రోజులు, ఎనిమిది వేలు. నేను నాలుగు వేలు అనుకుని వచ్చాను. బేరమాడబోయి, ఆయన చేతులు చూసి ఊరుకున్నాను.

పక్కనే బల్ల మీద జానెడు పొడుగు బుల్లి వీణలు వరసగా ఉన్నాయి, సన్మానాల్లో ఇచ్చేవి. ఎక్కువ అమ్ముడయ్యేవి అవేనట. వాటికి శ్రుతి అక్కర్లేదు. మరి పెద్దవి ఎందుకు చేస్తున్నారు అంటే సమాధానం చెప్పలేదు, ఉలి తీసుకున్నాడు.

నాకు బుర్రలో ఇంకొకటి తిరుగుతోంది. ఏకాండి కదా, సగం తవ్వాక లోపల పగులు బయటపడితే? అడిగాను. అప్పుడప్పుడూ పడుతుందన్నాడు. వారం పనయ్యాక, ఒక్కోసారి రెండు వారాలయ్యాక కూడా.

"ముందే తెలీదా?"

"తట్టి చూస్తాం. సగం తెలుస్తాది. మిగిలింది తవ్వితేనే."

"పగిలితే ఏం చేస్తారు?"

"పెద్ద ముక్క మిగిల్తే చిన్న వీణలు. నేకపోతే పొయ్యిలోకి" అన్నాడు. గొంతులో బాధేమీ లేదు. నాలుగు దెబ్బలు, ఆగడం, తట్టడం, వినడం. నేను మాత్రం అక్కడ నిలబడ్డంతసేపూ ఆ దుంగలో పగులు ఎక్కడ కనిపిస్తుందా అని భయంగా చూస్తూనే ఉన్నాను. నాది కాని దుంగకి నాకు బీపీ.

తిరిగొచ్చేటప్పుడు బొబ్బిలి యుద్ధ స్తంభం చూశాను. 1757 జనవరి 24. ఫ్రెంచి ఫిరంగులకి ఎదురు నిలబడి కోట మొత్తం పోగొట్టుకున్న ఊరు. వెనక్కి తగ్గనివాళ్ళ కథ బుర్రకథల్లో విని పెరిగిన నేను, అక్కడ నిలబడి ఆలోచించింది మాత్రం ఎనిమిది వేలు ఏ ఖాతాలోంచి తీయాలా అని.

రాత్రికి విజయనగరంలో లాడ్జి. గది పద్నాలుగొందలు, వేణ్ణీళ్ళు "వచ్చేస్తాయమ్మా" అన్నారు, రాలేదు. పొద్దున్నే సంగీత కళాశాల దాకా నడిచాను. 1919లో పెట్టిన కాలేజీ, ఆదిభట్ల నారాయణదాసుగారు మొదటి ప్రిన్సిపాలు. తాతయ్యకి ఘంటసాల అంటే ప్రాణం, మాకు చందమామ కథల బదులు ఆయన కథే చెప్పేవాడు. చేతి ఉంగరం అమ్ముకుని కృష్ణా జిల్లా నుంచి ఈ ఊరు రావడం, మధూకరం ఎత్తుకుని ఇంటింటా అన్నం తినడం, పట్రాయని సీతారామశాస్త్రిగారు చేరదీసి పాఠం చెప్పడం, తర్వాత మద్రాసులో పానగల్ పార్కులో పడుకోవడం. ఎన్నిసార్లు విన్నా చివర్లో రోమాలు నిక్కబొడుచుకునేవి.

ఈసారి గేటు ముందు నిలబడితే కథ వేరేలా గుర్తొచ్చింది. అదే ఊరికి, అలాగే ఉంగరాలు అమ్ముకుని వచ్చి, అన్నం అడుక్కుని, గొంతు కుదరకో, జ్వరం తగిలో, తిరుగు బండెక్కిన కుర్రాళ్ళు ఎంతమంది ఉండి ఉంటారు? వాళ్ళ కథ ఏ తాతయ్యా మనవరాళ్ళకి చెప్పడు. నాకు తెలిసిన ఒక్కరు చోళ్ళ మూటతో గజపతినగరంలో దిగిపోయారు. లోపల్నుంచి ఎవరో సరళీ వరసలు పాడుతున్నారు, రెండో కాలంలో తడబడి మళ్ళీ మొదట్నుంచి ఎత్తుకున్నారు. టీ తాగుతూ పావుగంట విన్నాను. టీ పదిహేను రూపాయలు, చెత్తగా ఉంది.

మధ్యాహ్నం రైల్లో బెర్తంతా నాదే. కాళ్ళు చాపుకుని పడుకున్నా చంకలో ఏదో వెలితి. ఫోన్ తీసి రాజీనామా ఉత్తరం తెరిచాను, ఈసారి కామా కూడా మార్చలేదు, అలాగని తీసేయనూ లేదు. దాని పక్కన ఇంకోటి మొదలుపెట్టాను. వచ్చే నెల నాలుగు రోజులు సెలవు. గొల్లపల్లి వెళ్ళి రావడానికి రెండు, వీణ ఇంటికొచ్చాక తలుపేసుకుని కూర్చోడానికి రెండు. కారణం అన్న చోట అలవాటుగా "వ్యక్తిగతం" అని రాశాను. పదమూడేళ్ళలో ప్రతి సెలవుకీ అదే రాశాను, జ్వరానికీ అదే, పెళ్ళిళ్ళకీ అదే.

అనకాపల్లి దాటాక దాన్ని చెరిపేసి, "వీణ తెచ్చుకోవాలి" అని రాసి పంపించేశాను.