కాలీ ఊళ్లో కాళ్లు చూశాను

విమానాశ్రయం నుంచి బయటికి రాగానే మా ఊరి వాసన వచ్చింది. పచ్చి చెరకు, దాని వెనకే కాస్త పులిసిన మడ్డి వాసన. మాది కృష్ణా జిల్లా ఉయ్యూరు. చక్కెర ఫ్యాక్టరీ ఆడినన్నాళ్లూ మా బడి కిటికీల్లోంచి ఈ వాసనే వచ్చేది. ఎక్కడో కొలంబియా దేశంలో అదే వాసన ముక్కుకి తగిలేసరికి కాసేపు అక్కడే నిలబడిపోయాను.

మేం వెళ్లింది కాలీకి. విమానాలు దిగేది మాత్రం పక్కనున్న పాల్మిరాలో. ఊళ్లోకి వెళ్లే దారికి రెండు పక్కలా చెరకు తోటలే. నాలుగు ట్రెయిలర్లు ఒకదాని వెనక ఒకటి తగిలించుకుని రైలులా ఒక చెరకు బండి వస్తుంటే మా టాక్సీ అతను పక్కకి తీసి దారిచ్చాడు. మనకి క్రషింగ్ సీజన్ అని ఒకటుంటుంది. ఆ కౌకా నది లోయలో ఏడాది పొడవునా చెరకు కొడుతూనే ఉంటారు. ఈ తోటల్లోనూ బంగారు గనుల్లోనూ చాకిరీ చేయించడానికే ఒకప్పుడు స్పెయిన్ వాళ్లు ఆఫ్రికా మనుషుల్ని బానిసలుగా పట్టుకొచ్చారు. ఇవాళ లాటిన్ అమెరికాలో నల్లజాతి జనం బాగా ఎక్కువగా ఉన్న నగరాల్లో కాలీ ఒకటి.

ఈ ప్రయాణం మా అమ్మాయి పట్టుదల. డల్లాస్‌లో ఎంఎస్ చేస్తూ అక్కడి సాల్సా డాన్సు క్లబ్బులో చేరింది. నేను దాని దగ్గరికి వెళ్లినప్పుడల్లా వీడియోలు చూపించేది. ఒకరోజు అంది, "అమ్మా, నువ్వు డాన్సర్ల మొహాలు చూడవు, కాళ్లే చూస్తావు. కాళ్లు చూసేవాళ్లు వెళ్లాల్సిన ఊరు ఒకటుంది. తీసుకెళ్తా పద."

నిజమే, నేను కాళ్లే చూస్తాను. చిన్నప్పుడు ఎనిమిదేళ్లు కూచిపూడి నేర్చుకున్నాను. మాస్టారు కూచిపూడి నుంచే బస్సులో వచ్చేవారు. కింద కూర్చుని చెక్క మీద కర్రతో తాళం వేస్తుంటే ఆయన చూపు సరిగ్గా మా పాదాల దగ్గర ఉండేది. అడుగు తప్పితే మొహం ఎంత బాగా పెట్టినా ఆయనకి పట్టేది కాదు. ఆ అలవాటు నాకూ వచ్చేసింది.

మేం టికెట్లు తీసుకున్న ప్రదర్శన పేరు డెలీరియో. సాల్సా, సర్కస్, ఆర్కెస్ట్రా మూడింటినీ కలిపి పెద్ద గుడారం కింద ఆడే సంగీత ప్రదర్శన. 2006 నుంచి కాలీ దాన్ని తన సొంతంగా చూసుకుంటోంది. దేశదేశాలూ తిరిగి వచ్చింది. స్పానిష్‌లో ఆ మాటకి ఒళ్లు తెలియని పలవరింత అని అర్థమట. అమ్మాయి అలా చెప్పగానే నాకు తోచిన తెలుగు మాట పూనకం. ప్రదర్శన చూశాక కూడా ఆ మాటే సరైనదనిపించింది.

కానీ అంతకుముందు చెప్పుల సంగతి చెప్పాలి.

మా పెట్టె ఒకటి విమానం వాళ్లు మధ్యలో ఎక్కడో వదిలేశారు. అమ్మాయి డాన్సు చెప్పులు, నా బట్టలు అందులోనే ఉన్నాయి. రెండు రోజులు తిరిగినా దాని జాడ లేదు. అమ్మాయికి ఒకటే టెన్షన్. ఎవరినో కనుక్కుని ఊరి నడిబొడ్డున ఒక సందులోకి తీసుకెళ్లింది. ఆరడుగుల వెడల్పు కొట్టు. లోపల డాన్సు చెప్పులు మాత్రమే కుట్టే పెద్దాయన. గోడకి వరసగా చెక్క కాళ్ల అచ్చులు వేలాడుతున్నాయి. అమ్మాయి కాలు కొలిచి, సిద్ధంగా ఉన్న ఒక జత తీసిచ్చాడు. తర్వాత నా వైపు చూసి, "అమ్మకి?" అన్నాడు.

నాకెందుకు, నేను చూడ్డానికి వచ్చానని చెప్పించాను. ఆయన ఒప్పుకోలేదు. ఆ గుడారంలో చూడ్డానికి మాత్రమే ఎవరూ వెళ్లరు అన్నాడు. నల్లటి జత ఒకటి తీసి తిరగేసి చూపించాడు. అడుగున రబ్బరు లేదు, నున్నటి తోలూ కాదు. నూగుతోలు, పీచు పైకి లేచి ఉంది, పిల్లి వీపులా. నేల మీద జారాలి, కానీ జారిపడకూడదు. అందుకే ఆ నూగు. ఆడగా ఆడగా అది అణిగిపోతే ఇనప తీగల బ్రష్షుతో రుద్ది మళ్లీ లేపాలట. ఆయన రుద్ది చూపిస్తుంటే సన్నటి బూడిదరంగు పొడి రాలింది. ఆ జత కొనుక్కున్నాను.

మర్నాడు రాత్రి ఊళ్లో ఒక పాత సాల్సా బార్‌కి వెళ్లాం. గోడల నిండా రికార్డుల అట్టలు. ఈ ఊరి కథ అక్కడే కొంచెం కొంచెంగా అర్థమైంది. సాల్సా కాలీలో పుట్టలేదు. మూలాలు క్యూబావి, ప్యూర్టోరికోవి. ఆ పేరుతో ఎదిగింది న్యూయార్క్‌లో. కాలీకి వచ్చింది రికార్డుల రూపంలో. పసిఫిక్ తీరంలోని బువెనావెంతూరా రేవులో దిగిన నావికులు తెచ్చిన రికార్డులు కొండలు దాటి ఈ ఊరికి చేరేవి. ఆర్కెస్ట్రాలు తక్కువ, రికార్డులే దేవుళ్లు. 1960ల్లో న్యూయార్క్ నుంచి వచ్చిన బూగలూ, పచాంగా పాటలు ఇక్కడి కుర్రాళ్లకి మరీ నిదానంగా అనిపించాయి. 33 స్పీడులో తిప్పాల్సిన రికార్డుని 45లో పెట్టేశారు. గొంతులు కీచుగా మారినా ఎవరూ పట్టించుకోలేదు. కాళ్లు మాత్రం ఆ వేగాన్ని అందుకున్నాయి. కాలీ సాల్సా అంటే ఇవాళ ప్రపంచమంతా గుర్తుపట్టే ఆ చకచక అడుగులు ఆ మీట నొక్కడంతో వచ్చినవే.

అమ్మాయి ఇది చెబుతుంటే నాకు మాస్టారు గుర్తొచ్చారు. ఒకే అడుగుని మూడు కాలాల్లో వేయించేవారు. మొదటి కాలంలో సోమరిగా, రెండో కాలంలో దానికి రెట్టింపు, మూడో కాలంలో దానికీ రెట్టింపు. మూడో కాలంలో అడుగు మారదు, మనిషే మారాలి. కాలీ జనం 33 నుంచి 45కి వెళ్లి నేరుగా పై కాలంలోనే ఇల్లు కట్టుకున్నారన్నమాట.

ఆ బార్‌లో ఇంకో విషయం నాకు చాలా నచ్చింది. ఒక నడివయసు మనిషి ఇంటి నుంచి తెచ్చుకున్న సంచీలోంచి ఇనప గంట, దాన్ని కొట్టే కర్ర తీశాడు. ఇంకొకాయన మరకాస్, అంటే చేత్తో ఊపే గిలక్కాయల జత. రికార్డు తిరుగుతుంటే దానితో పాటు తాళం వేస్తూ కూర్చున్నారు. ఎవరూ వాళ్లని పిలవలేదు, ఎవరూ వద్దనలేదు. మా రామాలయంలో భజన మొదలవగానే చిడతలు పట్టుకుని వచ్చి కూర్చునే పెద్దవాళ్లే కళ్ల ముందు కనపడ్డారు.

మేం గుడారానికి వెళ్లింది శుక్రవారం. సాయంత్రం ఫరయోనెస్ కొండల మీద నుంచి చల్లగాలి దిగింది. ఆ గాలి కోసం ఊరంతా ఎదురుచూస్తుంది. లోపల కుర్చీల వరసలు లేవు, అన్నీ బల్లలు. బల్ల మీద సీసాలు, తినుబండారాలు. జనం పెళ్లికి వచ్చినట్టు తయారై వచ్చారు. వేదిక జనం మధ్యలోకి పొడుగ్గా వచ్చి ఉంది. మాకు దొరికిన బల్ల దాని అంచునే. అంటే డాన్సర్ల పాదాలు సరిగ్గా నా కళ్ల ఎత్తులో. మాస్టారు కూర్చునే చోటు!

ఆర్కెస్ట్రా ఎత్తుకుంది. ట్రాంబోన్లు, ట్రంపెట్లు, కాంగా డప్పులు. ఆ మోత చెవికి కాదు, పక్కటెముకలకి తగిలింది. ఒక్కసారిగా జంటలు వచ్చేశాయి. మొదటి రెండు నిమిషాలు నేనేం చూశానో చెప్పలేను. తర్వాత కళ్లు కుదురుకున్నాయి.

నడుం పైభాగం దాదాపు నిలకడగా ఉంది. మొహంలో నవ్వు. అంతా కింద జరుగుతోంది. మునివేళ్ల మీద నిలబడి, మడమ ఇలా తాకీ తాకకుండా వదిలేసి, మోకాలి నుంచి కింది భాగాన్ని ముందుకీ పక్కకీ విసురుతున్నారు. మా నాట్యంలో అడుగు నేలని కొట్టాలి, ఆ దెబ్బ వినపడాలి, గజ్జె పలకాలి. ఇక్కడ అడుగు నేల మీద ఉన్నట్టే ఉండదు. వేడి పెనం మీద నీటిబొట్టు చూడండి, అలా. ఒకమ్మాయి చెప్పు సరిగ్గా నా మొహానికి మూరెడు దూరంలో ఆగింది, ఒక్క క్షణం. మడమ దగ్గర పట్టీ కింద చర్మం ఒరుసుకుపోయి ప్లాస్టర్ వేసుకుంది. ప్లాస్టర్ అంచున చెమట. మళ్లీ ఎగిరింది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ ప్లాస్టర్ నాకు తెలుసు. నా పాదాల మీదా అలాంటివి ఉండేవి.

ఈ డాన్సర్లు చాలామంది ఊళ్లోని సాల్సా స్కూళ్లలో తయారైనవాళ్లు. పేదవాడల్లో కూడా స్కూళ్లున్నాయి. సాయంత్రమైతే పిల్లలు అక్కడికి పరుగెడతారు. 2020లో మయామీలో జరిగిన సూపర్ బౌల్, అంటే అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్, మధ్యలో కొలంబియా గాయని షకీరా వెనక అంత వేగంగా సాల్సా ఆడినవాళ్లు కాలీలోని స్వింగ్ లాతీనో స్కూలు వాళ్లే. అమ్మాయి ఆ వీడియో నాకు ఎన్నోసార్లు చూపించింది. తెర మీద చూడటం వేరు, ఆ పాదాల గాలి మొహానికి తగలడం వేరు.

మధ్యలో సర్కస్. గుడారం కొప్పు నుంచి వేలాడే గుడ్డ పట్టుకుని ఇద్దరు పైకెళ్లి తలకిందులుగా జారారు. బాగుంది, కానీ నా మనసు కిందే ఉంది.

ఇక విరామం. విరామమంటే మనకి బయటికెళ్లి టీ తాగడం. అక్కడ అలా కాదు. ఆర్కెస్ట్రా ఆగలేదు. జనమే లేచారు. ఇప్పటిదాకా చప్పట్లు కొట్టినవాళ్లు బల్లల మధ్యకి, వేదిక ముందుకి వచ్చి ఆడటం మొదలుపెట్టారు. పక్క బల్ల మీద తెల్లజుట్టు ముసలావిడ, నాకంటే పదిహేనేళ్లు పెద్దదై ఉంటుంది, మనవడి చెయ్యి పట్టుకుని దిగింది. ఆమె పాదాలు చూశాను. వేదిక మీది అమ్మాయి వేసిన అడుగే. వేగం తక్కువ, ఎత్తు తక్కువ, అడుగు మాత్రం అదే. అప్పుడు తెలిసింది, వేదిక మీదివాళ్లు ఈవిడ దగ్గర నేర్చుకున్నారని, ఈవిడ లాంటివాళ్ల దగ్గర. మా తాతయ్య సురభి నాటకాలకి వెళ్లి పద్యానికి వన్స్ మోర్ కొట్టేవాడు, ఆ పద్యం మొత్తం ఆయనకి ముందే నోటికి వచ్చు. తెలిసినవాడు కొట్టే వన్స్ మోర్‌కి ఉండే బలం వేరు. ఆ గుడారంలో అందరూ అలా తెలిసినవాళ్లే.

అమ్మాయి నన్ను లాగింది. "అమ్మా, నూగుతోలు పాడైపోతుంది, వాడకపోతే" అంది. వెళ్లాను. మొదట నా పాదం నేలని కొడుతూనే ఉంది, నలభై ఏళ్ల అలవాటు. ఆ తెల్లజుట్టు ఆవిడ చూసి నా దగ్గరికి వచ్చింది. మాటల్లేవు. తన మడమ ఎత్తి చూపించి, చేత్తో "పైకి, పైకి" అంది. మడమ ఎత్తాను. మునివేళ్ల మీదకి ఒళ్లు వచ్చింది. అంతే, జారడం మొదలైంది.

ప్రదర్శన చివర గ్రూపో నీచే అనే కొలంబియా సాల్సా బృందం వాళ్ల కాలీ పచాంగేరో పాట ఎత్తుకున్నారు. ఆ బృందం నాయకుడు హైరో వరేలా 1984లో కట్టిన ఆ పాట ఆ ఊరికి జాతీయగీతంతో సమానం. తెల్ల చేతిరుమాళ్లు గాల్లోకి లేచాయి. గుడారమంతా ఒకే గొంతుతో పాడుతోంది. నా పక్కన ఆవిడ పాడుతూ ఏడుస్తోంది. అమ్మాయి ఆ రాత్రి నాకు ఇంకో సంగతి చెప్పింది. 1956 ఆగస్టు 7న డైనమైట్‌తో నిండిన సైనిక లారీలు కాలీ నడిఊళ్లో పేలి వెయ్యిమందికి పైగా పోయారట. కుంగిపోయిన ఊరిని లేపడానికి మరుసటి ఏడాది డిసెంబర్‌లో జాతర పెట్టారు. అదే ఇవాళ్టికీ క్రిస్మస్ నుంచి ఏడాది చివరిదాకా జరిగే కాలీ ఫెరియా. 1968 జాతరకి న్యూయార్క్ నుంచి సాల్సా జోడీ రిచీ రే, బాబీ క్రూజ్ వచ్చి వాయించిన రాత్రుల గురించి అక్కడి పెద్దలు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆవిడ ఆ రాత్రుల్లో ఆడిందో లేదో అడగాలనిపించింది. జనంలో కలిసిపోయింది, మళ్లీ కనపడలేదు.

మర్నాడు పెట్టె దొరికింది. విమానం సాయంత్రం. దారిలో చెప్పుల కొట్టు దగ్గర టాక్సీ ఆపించాం. పెద్దాయన నన్ను గుర్తుపట్టి, చెయ్యి చాపి చెప్పులు అడిగాడు. తిరగేశాడు. ముందు భాగంలో నూగంతా అణిగి నల్లగా మెరుస్తోంది. మడమ దగ్గర కొత్తదానిలా అలాగే ఉంది. ఆయన బొటనవేలితో ఆ రెండు చోట్లా తడిమి చూసి తలూపాడు. తీగల బ్రష్షు తీసి నల్లబడ్డ చోట రుద్దడం మొదలుపెట్టాడు. డబ్బులివ్వబోతే తీసుకోలేదు.